కతోలిక శ్రీసభలో చేరుతున్నానని ఇంట్లో ఎప్పుడు, ఎలా చెప్పాలి?

ప్రశ్న: కతోలిక శ్రీసభలో చేరాలని నిశ్చయించుకున్నాను. కొన్నాళ్ళుగా ఆదివారం పూజకి వెళ్తున్నాను. ఇక ఉపదేశం మొదలుపెడదామని విచారణ గురువు (మా గుడి ఫాదర్) అన్నారు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎప్పుడు చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి?

జవాబు: మాటలు వెతుక్కునే ముందు తేదీలు చూసుకోండి. ఈ విషయంలో ఇళ్ళల్లో గొడవ ముదిరేది ఎక్కువగా ఆలస్యం వల్లే. "మారుతున్నావు" అన్న బాధ మెల్లగా తగ్గుతుంది. "ఊరందరికీ తెలిశాక మాకు చెప్పావు" అన్నది మాత్రం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

మీకు ఇంతకుముందు జ్ఞానస్నానం (బాప్తిస్మం) జరగలేదనుకుందాం. మొదట విచారించుకునే కాలం. ఇందులో మీరు దేనికీ కట్టుబడరు, ఎప్పుడైనా మానేయొచ్చు. ఆ తర్వాత స్వీకరణ సాంగ్యం, దాంతో మీరు జ్ఞానస్నానార్థి అవుతారు. ఇది గుడిలో అందరి ముందూ జరుగుతుంది. తర్వాత నెలల తరబడి ఉపదేశం. తపస్సు కాలపు (పాస్కాకి ముందు వచ్చే లెంట్) మొదటి ఆదివారం ఎన్నిక సాంగ్యం ఉంటుంది, మామూలుగా మేత్రాణుల (బిషప్) సమక్షంలో జరుగుతుంది. పేర్లు పుస్తకంలో రాసేది అప్పుడే. మూడు, నాలుగు, అయిదో ఆదివారాల్లో ఆత్మపరిశీలన ప్రార్థనలు. చివరికి పాస్కా (ఈస్టర్) ముందు రాత్రి జరిగే జాగరణలో జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) మూడూ ఒకే రాత్రి ఇస్తారు. 2027లో పాస్కా మార్చి 28న వస్తుంది. కాబట్టి ఎన్నిక ఫిబ్రవరి 14న, జాగరణ మార్చి 27 శనివారం రాత్రి.

ఇంట్లో చెప్పడానికి గడువు ఈ స్వీకరణ సాంగ్యమే. కనీసం మూడు నాలుగు వారాల ముందు చెప్పేయండి. అది దాటితే ఎవరో ఒకరు మిమ్మల్ని అక్కడ చూస్తారు, కబురు మీకంటే ముందే ఇల్లు చేరుతుంది. మరీ ముందుగా చెప్పినా చిక్కే. విచారించుకునే దశలోనే "మారిపోతున్నాను" అని ప్రకటించేస్తే, రెండు నెలల తర్వాత నిజంగా సందేహం వచ్చినా పంతం కొద్దీ వెనక్కి తగ్గలేరు. ఆ దశలో "ఆదివారం గుడికి వెళ్తున్నాను, తెలుసుకుంటున్నాను" అంటే చాలు. అది నిజం, పైగా తర్వాత చెప్పబోయే మాటకి అదే పునాది.

మీరు వేరే క్రైస్తవ సంఘంలో బాప్తిస్మం పొందినవారైతే లెక్క మారుతుంది. నీటితో, తండ్రి కుమార పవిత్రాత్మ నామమున ఇచ్చిన బాప్తిస్మాన్ని శ్రీసభ గుర్తిస్తుంది, రెండోసారి ఇవ్వదు. మీరు విశ్వాస ప్రకటన చేసి, అభ్యంగనం, సత్ప్రసాదం స్వీకరిస్తారు. దానికి ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఉంటుంది. పాస్కా దాకా ఆగాల్సిన పనీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా జరగొచ్చు. ఈ సంగతి ఇంట్లో మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్పాలి. "మేం ఇప్పించిన బాప్తిస్మం చెల్లదన్నమాట" అనేదే ఆ తల్లిదండ్రులకి అన్నిటికన్నా పెద్ద గాయం, అది నిజం కాదు కూడా. ఆ బాప్తిస్మం ఎలా జరిగిందన్న దాంట్లో గట్టి అనుమానం ఉండి, విచారించినా తేలకపోతేనే "ఇంతకుముందుది చెల్లి ఉండకపోతే" అన్న షరతుతో జ్ఞానస్నానం ఇస్తారు.

ఇక్కడే ఇంకో మెలిక. ఆ బాప్తిస్మానికి రుజువు కావాలి. ఆ కాగితం సాధారణంగా అమ్మ బీరువాలోనే ఉంటుంది. కాగితం పోతే నమ్మదగిన సాక్షి ఒక్కరు చాలని శ్రీసభ చట్టం 876వ అధికరణ. ఆ సాక్షి ఎవరు? మళ్ళీ అమ్మే, లేదా మేనమామో పిన్నో. రహస్యంగా కానిద్దాం అనుకున్నవాళ్ళు చాలామంది ఈ కాగితం దగ్గరే దొరికిపోతారు. చెప్పకుండా కాగితం అడగొద్దు. చెప్పాకే అడగండి.

ఎవరికి ముందు? పెళ్ళయినవాళ్ళు నిస్సందేహంగా భార్యకో భర్తకో ముందు చెప్పాలి. అదీ నిర్ణయం పూర్తిగా గట్టిపడకముందే. కారణం ప్రేమ, మర్యాద మాత్రమే అనుకోకండి. మీలో ఎవరికైనా ఇంతకుముందు పెళ్ళయి విడాకులై ఉంటే ఆ సంగతి గురువుకి మొదటి రోజే చెప్పాలి, ఎందుకంటే అది తేలకుండా తేదీ ఖాయం కాదు. పాత వివాహం చెల్లుబాటు గురించి మేత్రాసన (బిషప్ పరిధిలోని శ్రీసభ) న్యాయస్థానానికి వెళ్ళాల్సి వస్తే నెలలు పట్టొచ్చు. ఆ న్యాయస్థానం మాజీ భాగస్వామికీ కబురు పెడుతుంది, అది వాళ్ళ హక్కు. ఆ ఉత్తరం అటు చేరేలోపు ఇటు ఇంట్లో తెలిసి ఉండాలి. అలాంటి చిక్కేమీ లేకపోతే, మీరు మారినంత మాత్రాన ఉన్న పెళ్ళి రద్దవదు. "మళ్ళీ పెళ్ళి చేసుకోవాలా?" అని భాగస్వామి అడిగితే, ఇద్దరూ శ్రీసభ బయట ఉండగా సక్రమంగా చేసుకున్న మొదటి పెళ్ళి అలాగే నిలుస్తుందని చెప్పండి. పిల్లల సంగతి ఆ రోజే తేల్చేయొద్దు. చిన్నపిల్లల జ్ఞానస్నానం విడిగా, తీరిగ్గా మాట్లాడాల్సిన విషయం. ఏడేళ్ళు దాటినవాళ్ళకైతే వాళ్ళ ఇష్టం, వాళ్ళ ఉపదేశం వేరే ఉంటాయి.

పెళ్ళికానివాళ్ళు ఎక్కువగా తమ్ముడికో చెల్లికో ముందు చెప్పి "అమ్మకి ఇప్పుడే చెప్పకు" అంటారు. ఇది పొరపాటు. ఆ రహస్యం వాళ్ళ నెత్తిన బరువవుతుంది, బయటపడ్డాక తిట్లు వాళ్ళకీ పడతాయి. ఎవరు ఎక్కువ నొచ్చుకుంటారో వాళ్ళకే ముందు, ఒంటరిగా, ఎదురుగా కూర్చుని చెప్పండి. మిగిలినవాళ్ళకి అదే రోజు లేదా మర్నాడు. కుటుంబం వాట్సాప్ గుంపులో మాత్రం పెట్టొద్దు. పండగ, పెళ్ళి, చావు, ఆసుపత్రి, మాటా మాటా పెరిగిన రాత్రి, ఇవేవీ సమయాలు కావు. ఇంట్లో ఎవరో ఒకరు మాట పూర్తికాకుండానే మండిపడే మనిషైతే ఉత్తరం మేలు. ఒక్క పేజీ, చేత్తో రాసింది, బైబిల్ వాక్యాలూ వచనాలూ లేకుండా. గురువునో ఉపదేశినో వెంటబెట్టుకుని వెళ్ళడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ఇంటి మాటలోకి పరాయి మనిషి వచ్చాడన్న కోపం విషయాన్ని మింగేస్తుంది.

ఏమని చెప్పాలంటే, నాలుగు ముక్కలు సరిపోతాయి: "అమ్మా, నాన్నా, మీకు నేనే చెప్పాలని వచ్చాను. నేను కతోలిక శ్రీసభలో చేరాలని నిర్ణయించుకున్నాను. చాలాకాలంగా ఆలోచించే ఈ మాట అంటున్నాను, ఎవరి బలవంతమూ లేదు. వచ్చే పాస్కాకి జ్ఞానస్నానం, ఈలోపు మీరు ఏమడిగినా చెప్తాను, అన్నీ ఈరోజే అడగక్కర్లేదు." అంతే. అక్కడ ఆగాలి. ఆగడమే కష్టం.

ఎందుకంటే కొత్తగా నమ్మినవాడికి వివరించాలన్న ఆత్రం ఉంటుంది. చదివినవన్నీ గొంతులో ఉంటాయి. కానీ నిర్ణయం తెలియజేయడం ఒక పని, విశ్వాసాన్ని వివరించడం ఇంకో పని. రెండూ ఒకే కూర్చోవడంలో పెట్టుకుంటే మొదటిది వాదనగా మారిపోతుంది. "నాకు సత్యం దొరికింది" అని మీరు సంతోషంగా అన్న మాట, మేమింతకాలం అబద్ధంలో బతికామా అని వాళ్ళకి వినిపిస్తుంది. అలాగే నిర్ణయం అయిపోయినప్పుడు "మీరేమంటారు?" అని అనుమతి అడిగినట్టు అడగొద్దు. వద్దంటారు. వద్దన్నాక మీరు చేస్తే అది ధిక్కారం అవుతుంది. అసలు అడగకుండా, చెప్పి, బాధపడనివ్వడం నయం. అరగంట దాటితే మీరే లేచి, "వచ్చే వారం మళ్ళీ మాట్లాడుకుందాం" అని ముగించండి. ఆ వారం తప్పకుండా కూర్చోండి.

ప్రశ్నలు ఎలాగూ వస్తాయి, దాదాపు ఇవే వస్తాయి.

"ఎవరు మార్చారు నిన్ను?" దీని వెనక ప్రేమ వ్యవహారం అనుమానం ఉంటుంది. కతోలికుల్ని పెళ్ళి చేసుకోవడానికి మతం మారనక్కర్లేదు. జ్ఞానస్నానం లేనివారితో పెళ్ళికి శ్రీసభ ప్రత్యేక మినహాయింపు ఇస్తుంది, వేరే సంఘపు క్రైస్తవులతోనైతే అనుమతి ఇస్తుంది. నిజంగా ఒక మనిషి వల్లే ఈ దారి మొదలైతే దాచొద్దు, "తన వల్ల పరిచయమైంది, నిర్ణయం నాది" అనండి. బలవంతంగా ఎవరినీ చేర్చుకోకూడదని శ్రీసభ చట్టం 748వ అధికరణలోనే ఉంది.

"పేరు మారుస్తావా?" అక్కర్లేదు. పునీతుల (సెయింట్ల) పేరు పెట్టుకోవడం ఆనవాయితీయే గాని షరతు కాదు. క్రైస్తవ భావానికి విరుద్ధం కాని పేరైతే చాలు. అమ్మానాన్న పెట్టిన పేరు అలాగే ఉంచుకోవచ్చన్న ఈ ఒక్క జవాబు చాలా ఇళ్ళల్లో గాలి మారుస్తుంది.

"డబ్బు ఎంత గుంజుతారు?" సంస్కారాలకి ధర లేదు. ఆదాయంలో ఇంత భాగం ఇచ్చి తీరాలన్న లెక్కా శ్రీసభ చట్టంలో లేదు. శక్తికొద్దీ సంఘాన్ని ఆదుకోవాలన్న బాధ్యత మాత్రం ఉంది, అదీ చెప్పండి.

"అయితే మేం నరకానికి పోతామా?" ఇది కోపంగా అడిగినా భయంతో అడిగే ప్రశ్న. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివారు దేవుణ్ణి నిష్కపటంగా వెతికితే రక్షణ పొందగలరని శ్రీసభ మేత్రాణులందరూ కూడిన రెండవ వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. అదే ఏడాది ఇతర సంఘాల్లో జ్ఞానస్నానం పొందినవారిని సోదరులుగా గుర్తించింది. పత్రం పేరు చెప్పి చదివి వినిపించే పని పెట్టుకోకండి. "ఎవరు ఎక్కడికి పోతారో తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, శ్రీసభ కూడా మీమీద అలాంటి తీర్పు చెప్పడం లేదు" అంటే సరిపోతుంది.

మరియమాత గురించి ఇతర క్రైస్తవ కుటుంబాల్లో తప్పకుండా వస్తుంది. ఆరాధన దేవుడికి మాత్రమే, మరియకీ పునీతులకీ గౌరవం, ప్రార్థించమని వేడుకోలు. ఇంతవరకే చెప్పి ఊరుకోండి. ఈ ఒక్క అంశం మీద రాత్రంతా వాదించుకున్నా ఎవరూ గెలవరు. తెలియని ప్రశ్న వస్తే "నాకూ తెలియదు, అడిగి చెప్తాను" అనడం పరువు తక్కువ కాదు.

వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పాల్సిన సంగతి ఒకటుంది: ఇకముందు ఏవి చేస్తారు, ఏవి చేయరు. కుటుంబంలో పెళ్ళిళ్ళకీ అంత్యక్రియలకీ వస్తారు, పక్కన నిలబడతారు, పనులన్నీ చేస్తారు. కానీ వేరే విశ్వాసపు ఆరాధనని నమ్మినవారిలా మీరు చేయలేరు. ప్రొటెస్టెంట్ ఇల్లయితే వాళ్ళ ఆరాధనకి వెళ్ళొచ్చు, కలిసి పాడొచ్చు, ప్రార్థించొచ్చు. అక్కడి ప్రభురాత్రి భోజనం మాత్రం తీసుకోలేరు. చిన్నప్పటినుంచి అమ్మ పక్కన కూర్చుని తీసుకున్న దాన్ని ఒక ఆదివారం హఠాత్తుగా వద్దంటే, అక్కడ నలుగురి ముందూ ఆమె మొహం చూడాల్సి వస్తుంది. ఇది తప్పనిసరిగా ముందే చెప్పండి.

జాగరణకి పిలవండి, రావాలని పట్టుబట్టకండి. వస్తామంటే ఏం జరుగుతుందో వివరించండి. చీకటి పడ్డాక గుడి బయట నిప్పు వెలిగించడంతో మొదలవుతుంది, చేతుల్లో కొవ్వొత్తులు ఉంటాయి. పఠనాలన్నీ చదివితే తొమ్మిది. రెండు మూడు గంటలు పట్టొచ్చు, పెద్దవాళ్ళు ముందే ఏదైనా తిని రావడం మంచిది. మోకరించాల్సిన పని వాళ్ళకి లేదు. సత్ప్రసాదం సమయంలో కూర్చునే ఉండాలని ఒకటికి రెండుసార్లు చెప్పండి. తెలియక వరుసలో నిలబడి వెనక్కి రావాల్సి వస్తే ఆ చిన్నబుచ్చుకోవడం మర్చిపోరు. జ్ఞానస్నానంలో మీకు తోడు నిలిచే జ్ఞాన తండ్రి లేదా జ్ఞాన తల్లి పదహారేళ్ళు నిండి, అభ్యంగనం పొందిన కతోలికులై ఉండాలి. కన్న తల్లిదండ్రులు ఉండటానికి వీల్లేదు, వాళ్ళు కతోలికులైనా సరే. ఈ నియమం చెప్పకపోతే మమ్మల్ని కాదని వేరేవాళ్ళని పెట్టుకున్నారనుకుంటారు. ఇతర సంఘంలో జ్ఞానస్నానం పొందిన అన్నో అక్కో ఉంటే, కతోలిక జ్ఞాన తండ్రితో పాటు సాక్షిగా నిలబడొచ్చు.

ఇప్పటిదాకా చెప్పిందంతా మాటలతో పోయే కోపం ఉన్న ఇళ్ళకి. కొడతారన్న భయం ఉన్నా, ఇంట్లోంచి పంపేస్తారన్నా, చదువుకి డబ్బు ఆపేస్తారన్నా వరస వేరు. ముందు ఉండటానికో చోటు, మీ పత్రాలు మీ చేతిలో, నమ్మకమైన ఒక మనిషి. ఆ తర్వాతే ఇంట్లో చెప్పడం. ఈ పరిస్థితిని గురువుకి దాచకండి, తగిన కారణం ఉంటే సంస్కారాన్ని వేరే సమయంలో, కొద్దిమంది ముందు జరిపే వీలుంది. పద్దెనిమిది నిండనివాళ్ళని గురువు మొదట అడిగేది తల్లిదండ్రుల సమ్మతి గురించే. ఆగమంటే ఆగండి.

తర్వాతి రెండు మూడు నెలలు ఇంట్లోవాళ్ళు మీ మాటలకంటే మీ ఆదివారాలని గమనిస్తారు. కుటుంబమంతా కలిసి తినే పూట పూజకి అడ్డొస్తే శనివారం సాయంత్రం పూజకి వెళ్ళండి, ఆదివారపు బాధ్యత దాంతోనే తీరుతుంది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మాంసం ముట్టరన్న సంగతి వంట చేసేవాళ్ళకి ముందురోజే చెప్పండి, కంచం ముందు కూర్చున్నాక కాదు. సిలువ పటం మీ గదిలో పెట్టుకోండి. అందరూ కూర్చునే గదిలోకి అది రావాలంటే వాళ్ళు సరేననాలి.