వేలిముద్ర వేయించే ముందు

కర్నూలు

చి. ల. సౌ. పాపకు మేనత్త ఆశీస్సులు.

మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన నీకు కోసిగి వైపు ఇద్దరు టీచర్లే ఉన్న బడి దక్కిందని, హెడ్‌మాస్టర్ బాధ్యత కూడా నీ మీదే పడిందని, అయినా నీవు బెదరకుండా నెలనెలా తల్లిదండ్రులను పిలిచి వాళ్లతో కలిసి బడి నడుపుతానంటున్నావని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. వింటున్నంతసేపూ గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ప్రాంతంలో నేను ఎనిమిదేళ్లు పనిచేశాను. ఫోనులో చెప్పడానికి నోరు రాని సంగతి ఒకటి ఉండబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవే అయినా కొన్ని ముందుగా చెప్పేస్తాను. సమావేశం సాయంత్రం, కూలి నుంచి వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కునేంత వ్యవధి ఇచ్చి పెట్టు. పగటిపూట పెడితే వచ్చిన ప్రతి తల్లీ ఆ రోజు కూలి వదులుకుని వచ్చినట్టే. వాళ్లను నేల మీద కూర్చోబెట్టి నీవు కుర్చీలో కూర్చోకు. ఏ పిల్లవాడి తప్పునూ పదిమందిలో చెప్పకు. ఆ ఊళ్లలో చాలా ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు కనుక నాలుగు మాటలైనా నేర్చుకో. మధ్యాహ్న భోజనాన్ని తల్లులే వంతులవారీగా వచ్చి రుచి చూసేలా చేయి.

కమిటీ గురించి శిక్షణలో చెప్పే ఉంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం ఆ కమిటీ పనులు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు నేను మా వీధి బడికి వెళ్లి చూశాను. తల్లులు ముగ్గులు వేశారు, తండ్రులు తాడు లాగారు. నాకూ సంతోషమే అనిపించింది. అయితే నిధుల లెక్క ఎంతమందికి తెలుసోనని ఆ ముగ్గుల మధ్యే నిలబడి ఆలోచించాను. నాకు ఆ జబ్బు ఎందుకు పట్టుకుందో ఇప్పుడు చెబుతాను.

1998లో విద్యా కమిటీల చట్టం వచ్చింది. అప్పటికే మన జిల్లాలో ప్రాథమిక బడుల కోసం పెట్టిన డీపీఈపీ పథకం నడుస్తోంది. నేనున్న ఊరి బడికి అదనపు గది ఒకటి మంజూరైంది. కట్టించవలసింది కమిటీ, బ్యాంకు ఖాతా చైర్‌పర్సన్ పేరునా నా పేరునా ఉమ్మడిగా ఉండేది. చైర్‌పర్సన్ ఒక కూలి మనిషి. అక్షరం రాదు. కూతురు నాలుగో తరగతి. ఎక్కాలు తప్పు లేకుండా అప్పజెప్పి, వెనక వరుసలో తడబడుతున్న పిల్లలకు అందించేది.

నాకు పని త్వరగా కావాలి. పైనుంచి తీర్మానాలు అడుగుతున్నారు. సమావేశం పిలిస్తే ఆరుగురు రారు. అందుకని రాత్రి ఇంట్లో కూర్చుని, జరగని సమావేశానికి తీర్మానం నేనే రాసి, తెల్లవారి పుస్తకమూ స్టాంపు ప్యాడూ సంచిలో వేసుకుని గడప గడపకూ తిరిగేదాన్ని. ఒకరోజు ఆమె వేరుశనగ చేలో ఉంటే గట్టు మీదికి పిలిచాను. చేతికున్న మట్టిని చీరకు తుడుచుకుని, బొటనవేలు చాచబోయి ఆగి, "ఇందులో ఏముందమ్మా?" అని అడిగింది. "ఏమీ లేదులే, రికార్డు కోసం" అన్నాను. పాపా, ఆ మాట నేను ఎంత తేలికగా అన్నానో తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది. చదివి వినిపించడానికి రెండు నిమిషాలు పట్టేది.

అది సిమెంటుకూ ఇనుముకూ డబ్బు తీసే తీర్మానం. పని చేయిస్తానన్న ఊరి పెద్దమనిషి ఆ డబ్బు తీసుకున్నాడు. గది లేచింది, మొదటి వానకే కప్పు కారింది. వేలిముద్ర ఆమెది కాబట్టి డబ్బు ఆమే తిన్నదని ఊరంతా అన్నారు. రచ్చకట్ట దగ్గర పదిమంది నిలదీస్తుంటే ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా నావైపు చూసింది. తీర్మానం రాసింది నేను, చెక్కు మీద రెండో సంతకం నాది, ఆమెకు అందులో ఏముందో తెలియదు అని నేను చెప్పాలి. చెప్పలేదు. ఆ పెద్దమనిషికి భయపడ్డాను, బదిలీకి భయపడ్డాను. "విచారణ జరుగుతుంది" అన్నాను. జరగలేదు.

ఆ ఏడు దసరా పోగానే ఆమె పిల్లను కూడా వెంటబెట్టుకుని గుంటూరు వైపు సుగ్గికి, అదే వలస కూలికి, వెళ్లింది. సంక్రాంతికి మనుషులు వచ్చారు, పిల్ల బడికి రాలేదు. హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్రసిరాతో గీత గీసింది కూడా నేనే. అటు తరువాత ఉన్న మూడేళ్లలో ఎన్నిసార్లు కబురు పెట్టినా తల్లులెవరూ బడి గడప తొక్కలేదు. బడివాళ్లు పిలిస్తే వేలు నల్లబడుతుంది, పేరు పోతుంది అని వాళ్లకు అర్థమైంది. వాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారని నేను ఎలా అనగలను?

పత్తికొండ వైపు బదిలీ అయ్యాక పద్ధతి మార్చాను. సమావేశంలోనే, అందరి ముందు, అడిగి అడిగి తీర్మానం రాసేదాన్ని. రాసింది రెండుసార్లు పైకి చదివేదాన్ని. ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది నల్లబల్ల మీద ఒక మూల వారమంతా చెరపకుండా ఉంచేదాన్ని. మొదటి నెల ముగ్గురే వచ్చారు. ఐదో నెలలో ఒక తండ్రి లేచి, బల్ల మీద సిమెంటు బస్తాలు నలభై అని ఉంటే గదిలో ముప్పైయారే ఉన్నాయేమని అడిగాడు. నాకు మొదట కోపం వచ్చింది. తరువాత ఇద్దరం కలిసి లెక్కపెట్టుకున్నాము. నాలుగు బస్తాలు ముందురోజు గచ్చుకు వాడారట. మరుసటి సమావేశానికి అతను ఇంకో పదిమందిని తీసుకువచ్చాడు. నీ సమావేశంలోనూ ఎవరో ఒకరు అలా అడుగుతారు. అడిగినవాణ్ణి కసురుకోకు, నీకు మీ తాత కోపం వచ్చింది, నాకు తెలుసు.

ఇక తొందరపడవలసింది సుగ్గి విషయంలో. దీపావళి దాటితే ఊళ్లు ఖాళీ అవుతాయి. పుస్తకం, సంచి, స్టాంపు ప్యాడ్ ఏమీ పట్టుకోకుండా ఒట్టి చేతులతో ఇంటింటికీ వెళ్లు. ఏ మేస్త్రీ వెంట పోతున్నారు, ఎప్పుడు తిరిగి వస్తారు, పిల్లను అవ్వ దగ్గర ఉంచగలరా అని అడుగు. అవ్వ ఉంటే ఆమె ఫోన్ నంబరు రాసుకో, ఎందుకు రాసుకుంటున్నావో చెప్పి మరీ రాసుకో. అవ్వ లేని పిల్లల కోసం సీజనల్ హాస్టల్ కావాలని కమిటీ చేత ఇప్పుడే అడిగించు. తల్లులు లారీ ఎక్కిన తరువాత తెరిచిన హాస్టల్‌లో పడుకోవడానికి పిల్లలు ఉండరు. పిల్లను వెంట తీసుకుపోతున్న తల్లిని తిట్టకు. ఊళ్లో పని ఉంటే ఆమె మాత్రం ఎందుకు పోతుంది?

వేళకు తిను. గొంతు పోయేలా అరవకు. మొదటి సమావేశం తేదీ నిర్ణయించగానే నాకు కబురు చేయి. నేను ఆదోని దాకా బస్సులో వస్తాను, అక్కడి నుంచి మీ నాన్న తీసుకువస్తాడు. వెనక వరుసలో కూర్చుంటాను, నోరు విప్పను. ఒకవేళ విప్పితే, అత్త అని చూడకుండా నీవే కూర్చోమని చెప్పు.

నీ మేనత్త