ఒకే అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీష్ పదాలు, అర్థాలు వరసగా బట్టీ పడితే గుర్తుంటాయా?

ఉండవు. ఉన్నా అవసరానికి నోటికి రావు. మా మేనల్లుడు పోటీ పరీక్షకు చదివినప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

వాడు 'ఏ'తో మొదలయ్యే పదాలన్నీ నోట్సులో రాసుకుని పొద్దున్నే గడగడా అప్పజెప్పేవాడు. ఒక సాయంత్రం, కొత్త పరిస్థితులకు అలవాటు పడటాన్ని ఇంగ్లీష్‌లో ఏమంటారో చెప్పరా అన్నాను. కళ్లు మూసుకుని, పేజీ మొదటి నుంచి పెదాలు కదుపుతూ వచ్చి "అడాప్ట్" దగ్గర ఆగాడు. మధ్యలో 'ఏ' ఉన్నదా, 'ఓ' ఉన్నదా అని అడిగాను. ఒకటి (adapt) సర్దుకుపోవడం, ఇంకొకటి (adopt) దత్తత తీసుకోవడం. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కదా!

"రెండూ ఆ పేజీలోనే ఉన్నాయి మామయ్యా, ఒకటి పైన, ఒకటి కింద" అన్నాడు. అర్థం పోయింది, చోటు మాత్రం మిగిలింది.

అక్షరక్రమం ఉన్నది వెతుక్కోవడానికి, నేర్చుకోవడానికి కాదు. ఇంగ్లీష్ పదాలకు ఇంగ్లీష్‌లోనే అర్థాలిచ్చిన మొదటి నిఘంటువు 1604లో వచ్చింది. అందులో, దాన్ని కూర్చిన రాబర్ట్ కాడ్రీ, పదం వెతకాలంటే ముందు అక్షరాల వరస చూడకుండా వచ్చేలా నేర్చుకోండని పాఠకులకు చెప్పాల్సి వచ్చింది. ఆయన నేర్చుకోమన్నది వరసను, మనవాళ్లు పుస్తకాన్నే మింగేస్తున్నారు.

మొదటి అక్షరాలకు అర్థంతో సంబంధమే లేదా అంటే, అక్కడక్కడా ఉంది. గ్లో, గ్లీమ్, గ్లిట్టర్, గ్లేర్ అన్నీ వెలుగు చుట్టూ తిరిగేవే. స్నోర్, స్నీజ్, స్నిఫ్ అన్నిట్లో ముక్కుంది. ఇలాంటి శబ్దాల గుంపులకు భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ 1930లో ఫోనెస్థీమ్ అని పేరే పెట్టాడు. ఇది చెబితే మావాడి ముఖం వెలిగింది. వెంటనే "మరి గ్లవ్, గ్లూ?" అన్నాడు. చేతి తొడుగులో, జిగురులో వెలుగేముంది? తెలివైనవాడే, పాడుచేసింది ఆ నోట్సే.

అసలు నా కోపం ఈ జాబితాలు అచ్చేసే పుస్తకాల మీద. ప్రతి పదానికీ ఎదురుగా ఒకే ఒక్క తెలుగు మాట, వాక్యం ఒక్కటీ ఉండదు. మావాడి పుస్తకంలో "సెట్" ఎదురుగా "సముదాయం" అని ఉంది, అంతే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఆ పదానికి 430 అర్థాలు ఇచ్చింది. అన్నీ వద్దు, కనీసం సూర్యుడు అస్తమించడం, సిమెంటు గట్టిపడటం అయినా వేయొచ్చుగా!