నాన్న ఫ్లాట్ తాకట్టు పెట్టి రెండో గేమ్ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సాయంత్రాలు, సెలవు రోజుల్లో కూర్చుని ఒక విజువల్ నావెల్ (బొమ్మలు, సంభాషణలతో కథ చదువుతూ ఆడే గేమ్) తయారుచేసి గత ఏడాది గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో విడుదల చేశాను. రెండే పాత్రలు, నలుపు తెలుపు బొమ్మలు, డబ్బింగ్ లేదు. రూ.1.6 లక్షలు ఖర్చయితే, కోతలన్నీ పోను రూ.11 లక్షలు వచ్చాయి. రెండో భాగాన్ని రంగుల నేపథ్యాలు, అన్ని పాత్రలకూ డబ్బింగ్, పెద్ద వాద్యబృందంతో భారీగా తీయాలని ఉంది. బడ్జెట్ రూ.38 లక్షలు. ఉద్యోగం మానేసి 18 నెలల్లో పూర్తిచేస్తాను. మేమంతా ఉంటున్న నాన్న ఫ్లాట్ మీద రూ.25 లక్షల రుణం, రూ.6 లక్షల ఎఫ్‌డీ, మొదటి గేమ్ డబ్బులో మిగిలిన రూ.7 లక్షలు పెడతాను. తక్కువైతే క్రెడిట్ కార్డు ఉంది. నా భార్య జీతం రూ.32 వేలు, ఇంటి ఖర్చు రూ.65 వేలు. నాలుగేళ్ల పాప ఉంది. అమ్మకు మధుమేహం. ఈ గేమ్ విజయం సాధిస్తుందా? రుణం తీసుకోవచ్చా?

జవాబు: రుణం తీసుకోవద్దు. ఉద్యోగమూ ఇప్పుడే మానవద్దు.

హోటల్ పెట్టేవారు, సినిమా తీసేవారు, రెండో దుకాణం తెరిచేవారు చేసే పొరపాటే మీ లెక్కలోనూ ఉంది. వ్యాపారానికి అయ్యే ఖర్చు రూపాయితో సహా రాస్తారు. అది సంపాదించడం మొదలుపెట్టే దాకా ఇల్లు నడవడానికి ఎంత కావాలో మాత్రం రాయరు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా సమాధానం ఇస్తున్నాను.

మీరు రాయని ఆ లెక్క చూద్దాం. మీ జీతం ఆగిన రోజు నుంచి ఇంటికి నెలకు రూ.33 వేల లోటు. రూ.25 లక్షల రుణానికి 10.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు రూ.33,700. రెండూ కలిపి నెలకు రూ.66,700, అంటే 18 నెలలకు రూ.12 లక్షలు. మీ రూ.38 లక్షల బడ్జెట్‌లో ఇందులో ఒక్క రూపాయి కూడా లేదు. గేమ్ ఒక ఏడాది ఆలస్యమైతే మరో రూ.8 లక్షలు కావాలి. విడుదలైన నెలలోనే డబ్బు చేతికి వస్తుందనీ అనుకోవద్దు, స్టీమ్ ఒక నెల అమ్మకాల సొమ్మును మరుసటి నెల చివర్లో చెల్లిస్తుంది.

ఆలస్యం కాదని మీరు అనవచ్చు. వెనిజులాకు చెందిన సుకేబాన్ గేమ్స్ 2016లో తెచ్చిన ‘వాల్‌హాలా’ను మీరు ఆడే ఉంటారు. దాని తర్వాతి గేమ్‌ను 2018లో ప్రకటించారు. 2020లో వస్తుందన్నది ఆ ఏడాది రాలేదు. మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. డబ్బింగ్ లేని గేమ్‌లో రాత్రికి రాత్రి ఒక సన్నివేశం తిరగరాసినా ఖర్చుండదు. గొంతులు రికార్డయ్యాక ఒక్క సంభాషణ మార్చాలన్నా మళ్లీ స్టూడియో, మళ్లీ కళాకారుడి రోజు కూలి. మొదటి గేమ్‌లో మీకు ఉచితంగా దొరికిన స్వేచ్ఛను రెండోదాంట్లో కొనుక్కోవలసి వస్తుంది.

విజయం సాధిస్తుందా అని అడిగారు. భారీగా తీసి గెలిచినవారు లేకపోలేదు. జపాన్‌లో టైప్‌మూన్ బృందం 2000లో ‘త్సుకిహిమే’ను ఔత్సాహికులుగా అమ్మింది, 2004లో ‘ఫేట్/స్టే నైట్’తో పెద్ద కంపెనీల సరసన నిలిచింది. అయితే ఆ మధ్యలో 2001, 2002లలో చిన్న గేములు విడుదల చేసింది. ఒక్కసారిగా దూకలేదు. ‘ఎమిలీ ఈజ్ అవే’ దారి వేరు. పాత చాటింగ్ కిటికీ తప్ప ఏమీ లేని ఆ గేమ్‌ను 2015లో ఉచితంగా ఇచ్చారు. 2017లో రెండోదానికి ధర పెట్టారు, 2021లో మూడోది వచ్చింది. ప్రతిసారీ కొంచెం పెరిగింది, చాటింగ్‌ను మాత్రం వదల్లేదు. మీ పాఠకులు మీ దగ్గరికి వచ్చింది ఆ రెండు పాత్రల మధ్య నిశ్శబ్దం కోసమైతే, వాద్యబృందం వారికి నచ్చుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను అసలే ఇవ్వలేను. అంకె మాత్రం చెప్పగలను: ఖర్చు, 18 నెలల వడ్డీ, ఇంటి లోటు కలిపి దాదాపు రూ.48 లక్షలు వెనక్కి రావాలి. మొదటి గేమ్ తెచ్చినదానికి ఇది నాలుగు రెట్లకు పైగా. అది కూడా మీరు వదులుకునే జీతాన్ని లెక్కించకుండా.

ఇప్పుడు ఆ ఫ్లాట్ సంగతి. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు దాన్ని మొండి బకాయిగా చూస్తుంది. సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు కేసు వేయకుండానే ఆస్తి స్వాధీనానికి రావచ్చు. ఆ ఫ్లాట్‌లో మీ అమ్మానాన్నలు, పాప ఉంటున్నారు. ఇతరుల నీడను పందెంలో పెట్టే హక్కు మీ ప్రతిభ మీకు ఇవ్వదు. క్రెడిట్ కార్డు మాట మళ్లీ తలపెట్టకండి, నెలకు మూడు శాతం దాటే వడ్డీని ఏ గేమూ మోయలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది అత్యవసర నిధి. ఎఫ్‌డీ, గేమ్ డబ్బు రెండూ ఖర్చుచేశాక మీ ఇంట్లో మిగిలేది సున్నా. ఆదాయం నిలకడగా లేని ఇంటికి ఆరు నెలల నిధి చాలదు, పన్నెండు నెలలది ఉండాలి. మీకు అది రూ.7.8 లక్షలు. రూ.6 లక్షల ఎఫ్‌డీని ముట్టుకోకండి. గేమ్ డబ్బులోంచి రూ.1.8 లక్షలు దానికి చేర్చండి. ఈ నిధి గేమ్‌ది కాదు, ఎంత మంచి చిత్రకారుడు దొరికినా సరే.

బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమానే నమ్ముకుని ఉంటే, రాజీనామాతో అది పోతుంది. కొత్త పాలసీలో అమ్మగారి మధుమేహానికి మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు. అందుకే ఉద్యోగంలో ఉండగానే ఆమెకు విడిగా, మీ ముగ్గురికి విడిగా పాలసీలు తీసుకోండి. దరఖాస్తులో మధుమేహాన్ని దాచవద్దు. మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అదీ ఈ నెలలోనే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు.

రుణానికి బదులు పబ్లిషర్ (గేమ్‌ను విడుదల చేసి అమ్మిపెట్టే సంస్థ) అడ్వాన్సు దొరికితే ఒప్పందాన్ని న్యాయవాదికి చూపించి తీసుకోండి. ముద్ర రుణం కూడా అప్పే.

నిధి పక్కన పెట్టాక మీ చేతిలో రూ.5.2 లక్షలు ఉంటాయి. మొదటి గేమ్ ఖర్చుకు మూడు రెట్లకు పైగా. రంగుల నేపథ్యాలకు, ఒక మంచి సంగీత దర్శకుడికి అది సరిపోయేలా కథను కుదించగలరు. డబ్బింగ్ కావాలంటే మొదటి అధ్యాయానికి మాత్రమే చేయించి, ఉచిత డెమోగా విడుదల చేయండి. ఎంతమంది గేమ్‌ను స్టీమ్ విష్‌లిస్టులో (కొనాలనుకునేవాటి జాబితా) చేర్చుకున్నారో మొదటి గేమ్ అంకెలతో పోల్చి చూడండి. మిగతా అధ్యాయాల డబ్బింగ్ ఖర్చుపై అప్పుడు మళ్లీ రాయండి, బీమా పాలసీల వివరాలు కూడా జతచేసి.