ఖురాన్, సైన్స్ పిల్లలకు కలిపి ఎట్ల చెప్పాలె?

మా బాబు పొద్దున స్కూల్ల సైన్స్, సాయంత్రం ఖురాన్ చదువుతుండు, రెంటికీ పొత్తు కుదరట్లేదు, ఏం చేయాలె అని అడిగిన్రు గదా భాయ్. నేను హైదరాబాద్‌ల టోలిచౌకి దిక్కు ఫిజిక్స్ చెప్తా, మా మసీదుల వేసవి దీనీ (మత పాఠాల) క్లాసులకూ పోతుంటా, నాకు పనికొచ్చింది చెప్తున్న.

ముందైతే ప్రతి ఆయత్‌కూ (ఖురాన్ వాక్యానికి) ఒక థియరీ అతికించే వీడియోలు పిల్లలకు చూపెట్టకుండ్రి. రేపు ఆ థియరీ మారితే అప్పుడేం చెప్తరు? ఖురాన్ హిదాయత్ కోసం, అంటే మంచి దారి చూపెట్టేటందుకు వచ్చింది, ఫిజిక్స్ గైడ్ లెక్క చదివితే రెంటికీ అన్యాయమే.

దీన్‌ల మనల్నే లెక్క కట్టుకోమని వదిలేసిన పనులు బోలెడున్నయ్, నేను అవి పట్టుకుంటా. నమాజుల ఖిబ్లా దిక్కు, అంటే మక్కాల ఉన్న కాబా దిక్కు తిరగమని ఖురాన్‌ల సూరా బఖరా అనే అధ్యాయంల హుకుం ఉంది, హైదరాబాద్ నుంచి అది ఎన్ని డిగ్రీలో మనమే తేల్చుకోవాలె. చానామంది సీదా పడమర అనుకుంటరు గానీ పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు జరగాలె. మే 28 కాడ మన టైం మధ్యాహ్నం 2:48కి సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటడు, ఆ టైంకి మసీదు డాబా మీద కర్ర నిలబెట్టి, దారానికి రాయి కట్టి అది నిటారుగ ఉందా లేదా చూసుకొని, నీడ కొస నుంచి కర్ర మొదలు దాకా సుద్దముక్కతో గీత గీస్తే ఆ గీత పోయే దిక్కే ఖిబ్లా. (డాబా కాలిపోతుంటది, చెప్పులతోనే ఎక్కుండ్రి.) మక్కాల నీడే లేనప్పుడు మనకెందుకుంది సార్ అని ఒక పిల్ల అడిగింది, ఇగ భూమి గుండ్రం, అక్షాంశం, సూర్యుడు ఉత్తరానికి జరిగేది అన్నీ అక్కడే చెప్పుకున్నం. జులై 16 కాడ 2:57కి మళ్ల ఛాన్స్ ఉంటది గానీ వానకాలం, మన మబ్బులను నమ్మలేం.

అదే కర్రతో అసర్ (సాయంత్రం పూట నమాజు) టైం కూడా చూపెట్టొచ్చు. మధ్యాహ్నం ఉండే నీడ తీసేసి కర్రంత నీడ పడితే షాఫయీలకు, కర్రకు రెండింతలైతే హనఫీలకు అసర్ మొదలు (ఇవి రెండు వేర్వేరు ఫిఖా పద్ధతులు, అంటే మత నియమాల దారులు), అందుకే షాఫయీలు ఎక్కువుండే బార్కస్ బస్తీల అసర్ మన హనఫీలకంటే ముందు. ఎనిమిదో తరగతోళ్లకైతే ఇస్లాం పద్ధతిల ఆస్తి పంపకాల లెక్కలు ఇస్తా. చనిపోయినాయనకు భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే 24 వాటాలల్ల భార్యకు 3, కొడుకుకు 14, కూతురుకు 7. అల్ ఖ్వారిజ్మీ 9వ శతాబ్దంల రాసిన ఆల్జీబ్రా పుస్తకంల పెద్ద భాగం ఇసొంటి వారసత్వ లెక్కలే.

టెన్త్ బయాలజీల ఎవల్యూషన్ వస్తది, అక్కడ కర్ర, నీడ పనిచేయవు. కొందరు సార్లు ఆ పాఠం మీదికెళ్లి దాటేస్తరు, నాకు నచ్చదు. శిలాజాలు, ఆధారాలు మొత్తం చెప్పాలె. అడిగిన పిల్లగాన్ని తౌబా చేయ్ (తప్పైందని అల్లాకు చెప్పుకో) అని కసురుకుంటే వాడు అడుగుడు మానేస్తడు, డౌట్ మాత్రం అట్లనే ఉంటది. నన్ను మొదటి మనిషి ఆదం అలైహిస్సలాం గురించి అడిగితే అది నా సబ్జెక్ట్ కాదు బేటా, దీన్, సైన్స్ రెండూ చదివిన ఆలిం సాబ్ (మత పండితుడు) కాడికి పోదాం పా అంటా, నేనూ పక్కన కూసుంటా.