18వ శతాబ్దపు బ్రిటిష్ కార్టూన్లు: రాజకీయ వ్యంగ్యమా, జాతి ద్వేషమా?

రెండూ ఒకే బొమ్మలో ఉంటాయి. విడదీయడం నాకైతే సాధ్యం కాలేదు.

లండన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో బ్రిటిష్ మ్యూజియంలోని ప్రింట్ల గదికి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లేదాన్ని. ఒకసారి మా ఆఫీసులో పనిచేసే స్కాట్లాండ్ అమ్మాయి కూడా వచ్చింది. 'సానీ ఇన్ ద బాగ్‌హౌస్' అనే బొమ్మ చూశాం ('సానీ' స్కాట్లాండ్ వాళ్లకు పెట్టిన వెక్కిరింపు పేరు, బాగ్‌హౌస్ అంటే మరుగుదొడ్డి). మరుగుదొడ్డి వాడటం తెలియని స్కాట్లాండ్ వాడొకడు అందులోని రెండు రంధ్రాల్లో రెండు కాళ్లూ దించి కూర్చుంటాడు. ఈ బొమ్మ మొదట వచ్చింది 1745లో, జాకోబైట్ల తిరుగుబాటు జరిగిన ఏడాదే. జాకోబైట్లంటే పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెనెక్కించాలని చూసినవాళ్లు, వాళ్లలో చాలామంది స్కాట్లాండ్ వాళ్లు. లండన్ భయపడింది, ఆ కోపం అర్థం చేసుకోవచ్చు. కానీ 1779లో కార్టూనిస్టు జేమ్స్ గిల్రే అదే వెక్కిరింపును మళ్లీ గీశాడు. అప్పటికి తిరుగుబాటు అణిగి 30 ఏళ్లు దాటింది! ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

1762లో ప్రధాని అయిన లార్డ్ బ్యూట్ స్కాట్లాండ్ వాడు. ఒకప్పుడు రాజు మూడో జార్జ్‌కి చదువు చెప్పాడు, ఆ చనువుతోనే పదవి వచ్చిందన్నారు. ఆయన హయాంలో సైడర్ (ఆపిల్ పళ్ల మద్యం) మీద వేసిన పన్నుకు జనం మండిపడ్డారు. కార్టూనిస్టులు ఆయన్ని పెద్ద బూటుగా గీశారు, పేరు అలాగే వినిపిస్తుంది కాబట్టి. అంతవరకు ఒక నాయకుడి మీద దెబ్బే. కానీ ఆ కాలపు బొమ్మల్లోనే గజ్జి గోక్కుంటూ, ఆకలితో లండన్ మీద పడే స్కాట్లాండ్ వాళ్లు కూడా కనిపిస్తారు. వాళ్లు ఏ పన్ను వేశారు?

పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్‌ది ఇంకా అన్యాయం. ఆయన ప్రొటెస్టెంట్. అయినా ఐర్లాండ్‌లో పుట్టాడు కాబట్టి కుట్రలు పన్నే జెస్యూట్ (కేథలిక్) ఫాదర్ వేషం వేసి గీసేవారు.

మన దేశానికి సంబంధించింది కూడా ఒకటుంది. ఈస్ట్ ఇండియా కంపెనీ పెత్తనాన్ని పార్లమెంటు నియమించే కమిషనర్ల చేతిలో పెట్టాలని 1783లో మంత్రి చార్లెస్ ఫాక్స్ బిల్లు తెచ్చాడు. కార్టూనిస్టు జేమ్స్ సేయర్స్ ఆయన్ని 'కార్లో ఖాన్'గా మార్చి, తలపాగా పెట్టి, ఏనుగు మీద కంపెనీ ఆఫీసుకు ఊరేగించాడు. ఏనుగు ముఖం ప్రభుత్వంలో ఫాక్స్ భాగస్వామి లార్డ్ నార్త్‌ది. ఫాక్స్ నియంత కాబోతున్నాడని చెప్పడానికి తూర్పు దేశాల వేషం చాలు, ఇంకో మాట అక్కర్లేదు. బిల్లు ప్రభువుల సభలో ఓడిపోయింది. ఆ బొమ్మ తనకు చాలా నష్టం చేసిందని ఫాక్సే అనుకున్నాడట.

అసలు ఇవన్నీ దుకాణాల అద్దాల వెనక వేలాడేవి. డబ్బు పెట్టి కొనలేనివాళ్లు వీధిలో నిలబడి చూసేవారు. దారినపోయేవాడికి కంపెనీ బిల్లు వివరాలు అర్థం కాకపోయినా తలపాగా అర్థమవుతుంది. అందుకే వ్యంగ్యంలోంచి ఆ వేషం తీసేస్తే బొమ్మ పనే చేయదు అనిపిస్తుంది నాకు.

ఇవి బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. గిల్రే కంటే ముందు సేయర్స్ పేరుతో వెతకండి.