కబడ్డీ కామెంటరీకి ఏ మైక్ కొనాలి?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సంక్రాంతికి మా చుట్టుపక్కల ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీలకు కామెంటరీ చెబుతుంటాను. నాది సన్నని గొంతు. రెండో రోజుకల్లా బొంగురుపోతోంది. కండెన్సర్ మైక్ అయితే గొంతు గంభీరంగా వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇదే వృత్తిగా తీసుకోవాలని ఉంది. ఏ మైక్ కొనమంటారు?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: కండెన్సర్ మాట పక్కన పెట్టండి. స్టూడియోలో అది రాజే. మైదానంలో మాత్రం మీ మాటతో పాటు జనం ఈలలు, పక్కన పకోడీ బండి దగ్గర బేరాలు కూడా పట్టేస్తుంది. వాల్యూమ్ పెంచితే కుయ్‌మంటుంది. పైగా దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే కేబుల్ ద్వారానే మైక్‌కు అందే కరెంటు కావాలి. పాత మైక్‌సెట్లలో అది దొరకడం కష్టం. మీకు కావాల్సింది ఆ పవర్ అక్కర్లేని డైనమిక్ మైక్, ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే కార్డియాయిడ్ రకం. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 వీటిలో అందరికీ తెలిసినది. నకిలీలూ దానికే ఎక్కువ. సగం ధరకే ఇస్తామంటే ఆ షాపు మెట్లు దిగేయండి.

ఇలాంటి మైక్‌ను పెదాలకు దగ్గర చేసేకొద్దీ గొంతులో బేస్ పెరుగుతుంది. సన్నని గొంతుకు అది వరం, రెండు వేళ్ల దూరంలో పట్టుకోండి. బండ గొంతువాళ్లు అలా పట్టుకుంటే మాట కుండలోంచి వచ్చినట్టుంటుంది. ఇక్కడో మెలిక ఉంది. మీ ఊళ్లో కట్టేవి గొట్టం లౌడ్‌స్పీకర్లయితే వాటిలో బేస్ పెద్దగా పలకదు. అక్కడ మీ సన్నని గొంతే స్పష్టంగా వినబడుతుంది. పెద్ద బాక్సులు పెట్టినప్పుడే మైకుల మధ్య తేడా బయటపడుతుంది.

అందుకే కొనే ముందు తెలిసిన మైక్‌సెట్ అతని దగ్గరికి వెళ్లి రెండు మూడు మైకులు పెట్టించుకోండి. ‘హలో, మైక్ టెస్టింగ్’ అని ఊరుకుంటే ఏమీ తెలియదు. రైడర్ గీత తాకుతున్నప్పుడు మీరు ఏ స్థాయిలో అరుస్తారో అలాగే అరవండి. ఏ మైకో చెప్పకుండా ఒక స్నేహితుణ్ని దూరంగా నిలబెట్టి అడగండి. ‘స’, ‘ష’ చెవిలో సూదిలా గుచ్చితే ఆ మైక్ వద్దు. ‘భలే పట్టు!’ అన్నప్పుడు భ, ప దగ్గర ‘ఢబ్’మంటే మాత్రం అది మైక్ తప్పు కాదు, దాన్ని నోటికి కాస్త పక్కగా వంచి పట్టుకోండి. మైక్ తలను గుప్పిట్లో మూయకండి. కాలేజీ స్పోర్ట్స్ డే నాడు స్టైల్‌గా ఉంటుందని నేనలా పట్టుకుంటే మైక్ వేసిన కేకకు ముందు వరసంతా చెవులు మూసుకుంది.

ఇక బొంగురు సంగతి. అది మైక్ మారిస్తే పోదు. గోలలో మన మాట మనకు వినపడకపోతే తెలియకుండానే గొంతు పెంచేస్తాం. దీన్నే లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. మీవైపు తిప్పి ఒక చిన్న స్పీకర్ పెట్టమని సౌండ్ వాళ్లను అడగండి. కార్డియాయిడ్ మైక్ వెనకవైపు శబ్దాన్ని దాదాపు పట్టదు కాబట్టి ఆ స్పీకర్ సరిగ్గా మైక్ తోక వైపు ఉండాలి. బొంగురు వారాల తరబడి తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

వృత్తి అంటారా, ప్రో కబడ్డీ, ఐపీఎల్ రెండింటికీ తెలుగు కామెంటరీ వస్తోంది. అక్కడ సొంత మైక్ అడగరు, హెడ్‌సెట్ వాళ్లే ఇస్తారు. వినేది మీ రికార్డింగులు. కాబట్టి ఈ సంక్రాంతికి ప్రతి మ్యాచ్‌నూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మైక్ కొన్నాక డబ్బు మిగిలితే మంచి కేబుల్ ఒకటి తీసుకోండి, మ్యాచ్ మధ్యలో ముందు చేతులెత్తేసేది అదే.