నీటి జాడ వదలకు

తమ్ముడూ,

బెల్జియంలోని బ్రూజ్ నగరం మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే గంటగోపురం ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366 అని చెప్పేశావు. లెక్క సరైనదే. కానీ ఆ ఊరికి అంత గోపురం ఎందుకు కావలసివచ్చిందో చెప్పలేదు. పనివేళలు తెలిపే గంట అక్కడిదే, అగ్నిప్రమాదాన్ని హెచ్చరించే గంటా అక్కడిదే. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టణం తన హక్కుపత్రాలను దాచుకున్నది ఆ గోపురంలోనే. 1280లో అది తగలబడినప్పుడు పత్రాలు కూడా బూడిదయ్యాయి. పాలకుడి ముందు చూపించడానికి చేతిలో కాగితం లేని ఊరి గుబులు ఎలా ఉంటుందో ఆలోచించు. అది రాశాక మెట్లు లెక్కపెట్టు, పాఠకుడు నీతోపాటు ఎక్కుతాడు.

అసలు నువ్వు నీటి దగ్గర మొదలుపెట్టవలసింది. 1134లో తుపాను వచ్చి సముద్రం నేలను కోసి జ్విన్ పాయను తెరిచింది. ఓడలు డామ్మె రేవు దాకా వచ్చేవి, అక్కడి నుంచి సరుకు కాలువ మీద ఊళ్లోకి చేరేది. ఇంగ్లండు ఉన్ని వచ్చింది, మగ్గాలు ఆడాయి, 1277లో జెనోవా ఓడ కూడా వచ్చింది. వాన్ డెర్ బ్యూర్స్ కుటుంబం నడిపిన సత్రం దగ్గర వర్తకులు బేరాలాడుకునేవారు. యూరప్‌లోని అనేక భాషల్లో షేర్ మార్కెట్‌ను పిలిచే మాటకు మూలం ఆ ఇంటిపేరే అంటారు. రేవులోని కొయ్య క్రేన్‌ను నువ్వు ఒక్క వాక్యంలో దాటేయడం నాకు బాధ కలిగించింది. పెద్ద చక్రం లోపల మనుషులు నడుస్తుంటే ద్రాక్షసారా పీపాలు పైకి లేచేవి! ఆ పాదాల చప్పుడు నాకు వినిపించాలి.

'ఇసుక మేటవేసి నగరం చచ్చిపోయింది' అన్న వాక్యం కొట్టెయ్. జ్విన్ పాయ ఇసుకతో పూడిపోవడం ఒక్కటే కారణం కాదు. 1488లో బ్రూజ్ పౌరులు తమ పాలకుడు మాక్సిమిలియన్‌ను నిర్బంధించారు. విడుదలయ్యాక అతడు విదేశీ వర్తకులను ఆంట్‌వెర్ప్ రేవు వైపు మళ్లించాడు. అయినా ఊళ్లో డబ్బు వెంటనే ఇంకిపోలేదు. మైకెలాంజెలో చెక్కిన మేరీమాత శిల్పాన్ని మూస్క్రోన్ అనే వర్తక కుటుంబం కొన్నది ఆ తరువాతి సంవత్సరాల్లోనే.

'మధ్యయుగంలోనే ఆగిపోయిన నగరం' అన్నదీ తీసెయ్. పెద్ద బజారులో నువ్వు మెచ్చుకున్న ఆ ప్రాంతీయ పాలనా భవనాన్ని 1887లో మొదలుపెట్టారు.

తిరగరాసి పంపు. ఈసారి జ్విన్ పాయ దగ్గర పడవెక్కు. గోపురం దూరం నుంచే కనిపిస్తుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య